ముందు మందు, తర్వాత కత్తి, మళ్లీ మందు

మీ ప్రశ్న నాకు అర్థమైన మేరకు ఇదీ. మీ అబ్బాయికి తొమ్మిదేళ్లు. పుట్టినప్పటి నుంచీ కుడి తొడ బయటి వైపునా పిరుదు మీదా ఎర్రటి మచ్చ, దాని కింద మెత్తని ఉబ్బు ఉన్నాయి. నాలుగేళ్లుగా ఆ మచ్చ మీద చిన్న పొక్కులు లేచి, పగిలి, నీరూ రక్తమూ కలిసి కారుతున్నాయి. గత ఏడాది మూడుసార్లు తొడంతా ఎర్రబడి జ్వరం వస్తే ఆసుపత్రిలో చేర్చారు. కుడి కాలు ఎడమ కాలి కన్నా ఒకటిన్నర సెంటీమీటర్లు పొడవు. ఎంఆర్ఐ రిపోర్టులో సిరలూ శోషరస (లింఫ్) నాళాలూ కలిసిన వైకల్యమనీ, క్లిపెల్-ట్రెనౌనే (ఎర్రమచ్చ, సిరల లోపం, కాలి అతిపెరుగుదల కలిసి పుట్టుకతో వచ్చే జబ్బు) లక్షణాలున్నాయనీ రాశారు. ఒక సర్జన్ కోసి తీసేద్దామన్నారు, ఇంకొకరు సిరోలిమస్ అనే మందు మొదలుపెడదామన్నారు, మూడోవారు సూదితో లోపలికి మందు ఎక్కిద్దామన్నారు. ‘ఎవరి మాట వినాలి? మందు పనిచేసేదైతే ఆపరేషన్ ఎందుకు? మందు ఆపితే మళ్లీ వస్తుందా?’ అని అడిగారు.

ఇరవై నాలుగేళ్లుగా ఈ జబ్బుకు ఆపరేషన్లు చేస్తున్నాను. అందులో మొదటి పదేళ్లూ నా చేతిలో కత్తి, సూది తప్ప మరేమీ లేవు. ఆ పదేళ్లలో చేసిన కొన్ని ఆపరేషన్లు ఇప్పుడైతే చేయను. ఇంకొన్ని చేస్తాను గానీ ఆరు నెలలో ఏడాదో ఆగి చేస్తాను. మీకు చెప్పిన ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పలేదని నా అభిప్రాయం. ఎవరికి వచ్చిన పని వారు చెప్పారు. ఆ మూడింటిలో ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఒకచోట కూర్చుని ఎవరూ తేల్చలేదు. పిల్లవాణ్ని చూడకుండా నేనూ తేల్చలేను. ఆ వరస ఎలా ఆలోచించాలో మాత్రం చెప్పగలను.

ముందు పేరు సంగతి. మీరు జత చేసిన పాత కాగితాల్లో రెండుచోట్ల ‘హిమాంజియోమా’ అని ఉంది. ఈ ఒక్క మాట ఎన్ని కుటుంబాలను దారి తప్పించిందో నేను చూశాను. 1982లో ములికెన్, గ్లోవాకీ అనే ఇద్దరు ఈ రక్తనాళాల గడ్డలను హిమాంజియోమా, వైకల్యం అని రెండుగా విడదీశారు. హిమాంజియోమా పుట్టిన కొన్ని వారాలకు కనిపించి, నెలల పాటు గబగబా పెరిగి, ఆ తర్వాత ఏళ్ల మీద దానంతట అదే తగ్గుతుంది. వైకల్యం అలా కాదు. పుట్టుకతోనే ఉంటుంది, పిల్లలతో పాటు పెరుగుతుంది, దానంతట అది పోదు. యుక్తవయసులో, గర్భం దాల్చినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు ఒక్కసారిగా ఉబ్బుతుంది. ప్రొప్రనలాల్ హిమాంజియోమాను కరిగిస్తుందని 2008లో ఫ్రాన్స్ డాక్టర్లు కనుక్కున్నారు. వైకల్యం మీద ఆ మందుకు పట్టు లేదు. మీవాడికి దాన్ని పద్నాలుగు నెలలు వాడి లాభం లేదనుకున్నారు కదా, అది మందు ఓడిపోవడం కాదు, వేరే జబ్బుకు వాడటం.

వైకల్యాల్లో మళ్లీ రెండు జాతులున్నాయి. సిరలు, కేశనాళికలు, శోషరస నాళాలతో ఏర్పడినవాటిలో ప్రవాహం నెమ్మదిగా ఉంటుంది. ధమని నేరుగా సిరలోకి తెరుచుకునేవాటిలో వేగంగా ఉంటుంది. వేగంగా ఉన్నచోట చేయి పెడితే వెచ్చగా తగులుతుంది, లోపల జలజలమని అదురు తెలుస్తుంది. రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కాన్‌లో అయిదు నిమిషాల్లో తేలిపోతుంది. మీవాడిది నెమ్మది జాతి. వేగం జాతికి నియమాలే వేరు కాబట్టి దాని గురించి చివర్లో కొంచెం చెబుతాను.

ఇక మందు ఎందుకు పనిచేస్తుందో చూద్దాం. గర్భంలో పిండం రూపుదిద్దుకుంటున్నప్పుడు ఏదో ఒక్క కణంలో ఒక్క జన్యువులో పొరపాటు పడుతుంది. సిరల వైకల్యాల్లో ఎక్కువగా టీఈకే అనే జన్యువు, శోషరస వైకల్యాల్లోనూ క్లిపెల్-ట్రెనౌనేలోనూ ఎక్కువగా పీఐకే3సీఏ అనే జన్యువు. ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నిటిలోనూ ‘పెరుగు’ అని చెప్పే మీట ఆన్‌లోనే ఉండిపోతుంది. మిగతా ఒంటికి ఆ పొరపాటు ఉండదు. అది తల్లిదండ్రుల నుంచి వచ్చినదీ కాదు, గర్భంతో ఉన్నప్పుడు ఏదో చేసినందుకు వచ్చినదీ కాదు. మీ తప్పేనేమో అన్న మీ ఉత్తరం చివరి వాక్యం చదివాను కాబట్టి ఇది ప్రత్యేకంగా రాస్తున్నాను. దాన్ని మనసులోంచి తీసేయండి.

ఆ మీట నుంచి కణం లోపలికి వెళ్లే ఆదేశాల వరసలో ఎంటార్ అనే మెట్టు ఒకటుంది. సిరోలిమస్ ఆ మెట్టు దగ్గర అడ్డుపడుతుంది. ఈ మందు ఈస్టర్ ద్వీపపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి వచ్చింది. ఆ ద్వీపానికి స్థానికులు పెట్టుకున్న పేరు రాపా నుయ్, అందుకే మందుకు రాపమైసిన్ అనే ఇంకో పేరు. 1999 నుంచి మూత్రపిండం మార్చినవారికి వాడుతున్నారు. రక్తనాళాల వైకల్యాల్లో వాడిన తొలి నివేదిక 2011లో వచ్చింది, అందులో ఉన్నది ఆరుగురే. 2016లో అమెరికాలో 57 మంది ఫలితాలు చూస్తే 47 మందికి కొంత మేలు జరిగింది, ముగ్గురిలో మార్పు లేదు, ఏడుగురిలో జబ్బు ముదిరింది. పూర్తిగా పోయినవారు ఒక్కరూ లేరు.

ఆ ‘కొంత మేలు’ అనే మాట దగ్గర ఆగాలి. మీ మూడు ప్రశ్నలకూ జవాబు అందులోనే ఉంది. 2021లో ఫ్రాన్స్ నుంచి ఇంకో అధ్యయనం వచ్చింది. నెమ్మది ప్రవాహం ఉన్న వైకల్యాలతో 6 నుంచి 18 ఏళ్ల పిల్లలు 59 మంది. ఎంఆర్ఐలో గడ్డ పరిమాణం కొలిస్తే, అందరినీ కలిపి చూసినప్పుడు పెద్ద తేడా రాలేదు. ఒక్క శోషరస వైకల్యాల్లో మాత్రమే పరిమాణం తగ్గినట్టు కనిపించింది. కానీ రక్తం కారడం, నీరు కారడం, నొప్పి తగ్గాయి, పిల్లల రోజువారీ జీవితం మెరుగుపడింది. గడ్డ అలాగే ఉంది, కానీ గడ్డ వల్ల కలిగే బాధ తగ్గింది. నేను చూసినదీ ఇదే. మందు వైకల్యాన్ని ఆరబెడుతుంది, దాన్ని అక్కడి నుంచి తీసేయదు. సాగిపోయిన సిర మందుతో మామూలు సిర కాదు. తొడలో పేరుకున్న అదనపు కొవ్వు కొంచెం మెత్తబడుతుందేమో గానీ పోదు. మాటిమాటికీ చీము పట్టి గట్టిపడిన చర్మం మళ్లీ మెత్తని చర్మం కాదు. పెరిగిన ఎముక పొట్టిదవదు. ఇవన్నీ కత్తి పని.

మరి మొదటే కత్తి ఎందుకు పట్టకూడదు? ఒక ఆపరేషన్ గురించి చెబుతాను, పేరూ ఊరూ వద్దు. మీవాడి వయసు పిల్లే, తొడ మీద దాదాపు ఇలాంటిదే. మందు ఇంకా మా దాకా రాని రోజులు. చర్మం కోయగానే కోత అంచుల నుంచి రక్తం బొట్లుబొట్లుగా కాదు, తడి గుడ్డ పిండినట్టు వచ్చింది. ఏ నాళం నుంచి వస్తోందో పట్టుకుని కట్టేద్దామంటే నాళమంటూ ఏదీ లేదు. కొవ్వంతా చిన్నచిన్న గదులతో తేనెపట్టులా ఉంది. ఒక గది తెరిస్తే నీరు, పక్క గది తెరిస్తే నల్లటి రక్తం. ఎక్కడ జబ్బు ఆగి ఎక్కడ మంచి కండ మొదలవుతుందో గీత దొరకదు. నరం ఈ గదుల మధ్య నుంచి వెళుతుంది, దాన్ని వెతుక్కుంటూ పోయేసరికి నాలుగు సీసాల రక్తం ఎక్కించాల్సి వచ్చింది. సగం తీసి కుట్టేశాం. డ్రెయిన్ గొట్టం ఆరు వారాలు ఉంచాం, రోజూ 200 మిల్లీలీటర్లకు తగ్గకుండా నీరు వచ్చేది. ఏడాది తిరిగేసరికి కుట్ల గీత వెంబడి, గీత గీసినట్టు, కొత్త పొక్కులు లేచాయి.

ఆ ఆపరేషన్‌లో నేను చేసిన తప్పేమిటని చాలాకాలం వెతుక్కున్నాను. చేతిపనిలో తప్పు లేదనే ఇప్పటికీ అనుకుంటున్నాను. వెళ్లిన సమయం తప్పు.

తర్వాత కొన్నేళ్లకు, దాదాపు అంతే ఉన్న ఇంకో పిల్లవాడికి తొమ్మిది నెలలు సిరోలిమస్ ఇచ్చి, ఆపి, అప్పుడు కోశాను. తొడ చుట్టుకొలత టేపుతో కొలిస్తే తగ్గింది రెండు సెంటీమీటర్లే. వాళ్ల నాన్న ముఖం చిన్నబుచ్చుకున్నాడు. కానీ కోసినప్పుడు తేడా తెలిసింది. పొక్కులు ఎండి గరుకుగా పొలుసుల్లా మిగిలాయి. కొవ్వు పొడిగా ఉంది, గదులు కుంచించుకుపోయాయి, గీత వెతుక్కోగలిగాం. ఒక్క సీసా రక్తం కూడా ఎక్కించలేదు. పన్నెండో రోజున గొట్టం తీసేశాం. ఇద్దరు పిల్లల్ని చూసి సిద్ధాంతం కట్టకూడదని నాకు తెలుసు. మందునూ కత్తినీ కలిపి వాడటం మీద ఇంతవరకు వచ్చినవి ఎక్కువగా చిన్న సమూహాల అనుభవాలే, ఇలా ఇచ్చినవారినీ ఇవ్వనివారినీ పక్కపక్కన పెట్టి పోల్చిన పెద్ద పరీక్షలు కావు. అయినా ఇలాంటి పిల్లలకు మందు లేకుండా నేను మొదటి కోత పెట్టను. ప్రాణానికో, అవయవానికో ముప్పు ముంచుకొస్తే తప్ప.

మందు మొదలుపెట్టాక ఎంతకాలం ఆగాలి? ఆరు నెలలు నిండకుండా తీర్పు చెప్పొద్దు. కారడం, నొప్పి రెండు మూడు నెలల్లోనే తగ్గవచ్చు, లోపలి మార్పుకు ఇంకా సమయం పడుతుంది. ఆ ఆరు నెలల్లో ఏం మారిందో జ్ఞాపకం మీద ఆధారపడకండి. నెలకోసారి అదే చోట, అదే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. వారానికి ఎన్నిసార్లు కట్టు మార్చారో, ఎన్ని రోజులు బడి మానాడో రాసి ఉంచండి. నాకు ఎంఆర్ఐ కన్నా ఆ నోటుపుస్తకమే ఎక్కువ పనికొచ్చిన సందర్భాలున్నాయి.

ఆపరేషన్‌కు ముందు మందు ఆపాలి. సిరోలిమస్ గాయం మాననివ్వదు. మూత్రపిండం మార్చినవారిలో కుట్లు విడిపోవడం, కుట్ల కింద నీరు చేరడం చూసే ఇది నేర్చుకున్నాం. పెద్దవారిలో ఈ మందు సగం తగ్గడానికే సుమారు 60 గంటలు పడుతుంది, పిల్లల్లో కొంత త్వరగా తగ్గుతుంది. అందుకే నేను రెండు వారాల ముందు ఆపిస్తాను. కుట్లు మాని, చర్మం అతుక్కుని, గొట్టం తీసేశాక, అంటే మామూలుగా మూడు నాలుగు వారాలకు మళ్లీ మొదలుపెడతాను. ఇక్కడ అందరిదీ ఒకే మాట కాదు. ఒక వారమే ఆపేవారున్నారు, మోతాదు తగ్గించి కొనసాగించేవారూ ఉన్నారు. కొందరు పిల్లల్లో మందు ఆపిన పది రోజులకే పొక్కులు మళ్లీ కారడం మొదలవుతుంది కాబట్టి వాళ్ల వాదనా కొట్టిపారేయలేనిది. మీ సర్జన్‌ను ‘ఎన్ని రోజులు ఆపుతారు, ఎందుకు?’ అని అడగండి. ఎన్ని రోజులని చెప్పారన్న దానికన్నా, దాని గురించి ముందే ఆలోచించి ఉన్నారా అన్నదే ముఖ్యం.

ఆపరేషన్ తర్వాత మళ్లీ మందు ఎందుకంటే, ఇలాంటి వైకల్యంలో జబ్బును చివరి కణం దాకా తీయడం దాదాపు అసాధ్యం. తీయాలని పట్టుపడితే నరం పోతుంది, కండ పోతుంది. మిగిలినదానికి గాయం మానే ప్రక్రియే ఎరువు అవుతుంది, కుట్ల వెంబడి పొక్కులు లేవడం అందుకే. ఆ సమయంలో మందు కాపలా ఉంటుంది. ఇంకో లాభం కూడా ఉంది. తొడలో జబ్బు భారం తగ్గాక తక్కువ మోతాదు సరిపోవచ్చు, కొందరిలో కొంతకాలానికి ఆపేయగలుగుతాం.

ఇప్పుడు సిరల సంగతి. ఆ ముగ్గురిలో ఒక్కరైనా డి-డైమర్ (లోపల రక్తం గడ్డకట్టి కరుగుతోందని చెప్పేది), ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టించే పదార్థం) పరీక్షలు చేయించారా? మీరు పంపిన కాగితాల్లో అవి కనిపించలేదు. సాగిపోయిన సిరల్లో రక్తం కదలకుండా నిలిచిపోతుంది. నిలిచినచోట గడ్డకడుతుంది, కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. కొన్ని గడ్డలు సున్నం పట్టి చిన్న గులకరాళ్లలా మారతాయి. మీవాడి ఎక్స్‌రేలో తొడ దగ్గర తెల్లటి గుండ్రటి చుక్కలున్నాయని రాశారే, అవి ఇవే, భయపడాల్సినవి కావు. కానీ ఆ లోపలి పని వల్ల రక్తం గడ్డకట్టించే పదార్థాలు రోజూ ఖర్చవుతుంటాయి. డి-డైమర్ బాగా పెరిగి ఫైబ్రినోజెన్ పడిపోయిన పిల్లవాణ్ని అలాగే బల్ల మీదికి తీసుకెళితే ఒకపక్క ఆగని రక్తస్రావం, మరోపక్క ఊపిరితిత్తుల్లోకి రక్తపుగడ్డ వెళ్లే ముప్పు. అందుకే ఆపరేషన్‌కు ముందు కొన్నాళ్ల నుంచి తక్కువ అణుభారం ఉన్న హెపారిన్ ఇంజెక్షన్లు ఇచ్చి, ఫైబ్రినోజెన్ మెరుగుపడ్డాకే కోస్తాం. రక్తం పలచబడే మందు ఇచ్చి రక్తస్రావం తగ్గించడమేమిటని మీకు అనిపించవచ్చు. లోపల వృథాగా గడ్డకట్టడం ఆగితే, గడ్డకట్టించే పదార్థం ఆపరేషన్ రోజుకు మిగులుతుంది, అంతే.

దీన్ని కాసాబాక్-మెరిట్ అనే మరో స్థితితో కలిపేసి మాట్లాడటం వింటుంటాను. అది పసిపిల్లల్లో వేరే రకం కణితుల వల్ల ప్లేట్‌లెట్లు ఘోరంగా పడిపోయే స్థితి. అక్కడ హెపారిన్ మేలు చేయదు, కీడు చేయవచ్చు. మీవాడిది అది కాదు.

క్లిపెల్-ట్రెనౌనేలో ఇంకో దొంగ ఉంటుంది. తొడ, పిక్క బయటి వైపున పైకి పాకే పెద్ద సిర. పిండదశలో ఉండి మాయమైపోవాల్సినది మిగిలిపోతుంది. దానికి కవాటాలు ఉండవు, అందులో కట్టిన గడ్డ తిన్నగా ఊపిరితిత్తులకు వెళ్లగలదు. అందుకని పెద్ద ఆపరేషన్‌కు ముందే దాన్ని లేజర్‌తోనో, కాయిల్స్ అనే సన్నని లోహపు చుట్టలతోనో, కోసి తీయడం ద్వారానో మూయడం మంచిదని నా పద్ధతి. అయితే మూసేముందు లోపలి ప్రధాన సిరలు సరిగా ఉన్నాయో లేదో డాప్లర్‌లోనో, రంగుమందు ఎక్కించి తీసే చిత్రాల్లోనో చూసి తీరాలి. అవి లేకపోయినా, మరీ సన్నగా ఉన్నా, కాలి రక్తమంతా ఆ ‘దొంగ’ సిర మీదే ఆధారపడి తిరుగుతుంటుంది. దాన్ని మూస్తే కాలు ఉబ్బిపోతుంది.

సూదితో మందు ఎక్కిద్దామన్న మూడో డాక్టర్‌కు ఈ వరసలో మంచి చోటే ఉంది. ఒకటి రెండు సెంటీమీటర్లకు మించిన పెద్ద నీటిగదులుంటే స్కాన్‌లో చూస్తూ సూది గుచ్చి, నీరు లాగేసి, డాక్సీసైక్లిన్ లాంటి మందు నింపితే గోడలు అతుక్కుపోతాయి. వాటికి కత్తి అక్కర్లేదు. సిరల భాగానికి నురుగులా చేసిన మందు ఎక్కిస్తారు. చిన్నచిన్న గదులున్న చోట బ్లియోమైసిన్ వాడతారు. అది వాడితే ఒక చిన్న విషయం గుర్తుంచుకోండి. ఆ రోజుల్లో చర్మానికి అంటించిన ప్లాస్టర్లు, ఈసీజీ స్టిక్కర్లు గట్టిగా పీకినా, గోకినా అక్కడ నల్లని మచ్చలు చాలాకాలం ఉండిపోతాయి. ఛాతీ మీద మూడు గుండ్రటి నల్లమచ్చలతో తిరిగిన ఒక అమ్మాయిని చూశాక, మా బల్ల మీద స్టిక్కర్ల బదులు ఏం వాడాలో నర్సులే నిర్ణయించి పెట్టారు.

ఆపరేషన్ జరిగే రోజుకు ఇంకో మాట. తీసిన గడ్డలోంచి చిన్న ముక్క తాజాగా జన్యు పరీక్షకు పంపమని ముందే చెప్పి ఉంచండి. ఈ పొరపాటు ఒంట్లో అన్ని కణాల్లో ఉండదు కాబట్టి రక్తపరీక్షలో చాలాసార్లు కనిపించదు. జబ్బున్న ముక్కలో కూడా కొద్ది శాతం కణాల్లోనే ఉంటుంది, లోతుగా చదివే పరీక్ష కావాలి. ఫార్మలిన్‌లో ముంచిన ముక్కతోనూ చేయవచ్చు గానీ నాణ్యత తగ్గుతుంది. ఇదంతా ఎందుకంటే, పీఐకే3సీఏ పొరపాటు అని తేలితే ఆ మీటనే నేరుగా పట్టుకునే అల్పెలిసిబ్ అనే మందు ఉంది. 2018లో పారిస్ వైద్యులు 19 మందికి ఇచ్చి వచ్చిన ఫలితాలు ప్రకటించారు. 2022లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రెండేళ్లు దాటిన తీవ్ర రోగులకు వేగవంతమైన పద్ధతిలో అనుమతించింది. సిరోలిమస్ కదిలించలేని అతిపెరుగుదలను ఇది కొందరిలో తగ్గిస్తోంది. రక్తంలో చక్కెర పెరగడం దీని ప్రధాన ఇబ్బంది. ఎదిగే పిల్లల్లో ఏళ్ల తరబడి వాడితే ఎదుగుదల మీద ఒక కన్ను వేసి ఉంచాలి. మీవాడికి మొదటి మందుగా ఇదే అడగమని నేను చెప్పను. సిరోలిమస్‌తో ఆరు నెలలు చూశాక ఏ మాత్రం కదలకపోతే అప్పుడు మాట్లాడండి.

సిరోలిమస్ మొదలుపెడితే ఇంట్లో చూసుకోవాల్సినవి ఇవి. నోటిపూత మొదటి నెలల్లో తరచుగా వస్తుంది. కొలెస్టరాల్ పెరగవచ్చు, తెల్లకణాలు తగ్గవచ్చు, అందుకే రక్తపరీక్షలు తప్పవు. మందు స్థాయి చూసే పరీక్షకు ఉదయం మోతాదు వేయకముందే రక్తం ఇవ్వాలి. వేసుకుని వెళ్లి ఇస్తే అంకె ఎక్కువ చూపి, అనవసరంగా మోతాదు తగ్గిస్తారు. ఇది నెలకొకరైనా చేసే పొరపాటు. తొలినాళ్లలో మిల్లీలీటరు రక్తానికి 10 నుంచి 15 నానోగ్రాముల స్థాయి పెట్టుకునేవాళ్లం, ఇప్పుడు చాలామంది అంతకన్నా తక్కువలోనే ఉంచుతున్నారు. క్లారిత్రోమైసిన్, కొన్ని ఫంగస్ మందులు, గ్రేప్‌ఫ్రూట్ రసం ఈ స్థాయిని పెంచేస్తాయి. రిఫాంపిసిన్, ఫినైటాయిన్ పడగొడతాయి. ఏ డాక్టర్ ఏ మందు రాసినా సిరోలిమస్ వాడుతున్నామని చెప్పండి. బతికి ఉన్న క్రిములతో చేసే టీకాలు మందు వాడుతున్నంతకాలం వేయించకూడదు, వేయాల్సినవి మిగిలి ఉంటే మొదలుపెట్టే ముందే డాక్టర్‌తో మాట్లాడండి. జ్వరం వస్తే ఇంట్లో రెండు రోజులు చూద్దామని ఆగొద్దు. మీవాడికి అసలే తొడలో చీము పట్టే అలవాటుంది, పైగా మందు రోగనిరోధక శక్తిని కొంత తగ్గిస్తుంది.

వేగం జాతి గురించి చెబుతానన్నాను. మీవాడికి వర్తించకపోయినా, ఇది చదివేవారిలో ఆ జబ్బున్నవారు ఉండవచ్చు. అక్కడ గడ్డకు రక్తం తెచ్చే ధమనిని మొదట్లోనే కట్టేయడం అన్నిటికన్నా పెద్ద తప్పు. రక్తం ఆగదు, చుట్టుపక్కల నుంచి పది కొత్త దారులు తెరుచుకుంటాయి, తర్వాత లోపలికి గొట్టం పంపి మూయాలన్నా పాత దారి ఉండదు. ధమనీ సిరా కలిసే కేంద్రస్థానాన్ని ఎంబొలైజేషన్‌తో, అంటే సన్నని గొట్టం ద్వారా లోపలి నుంచి మూసి, ఒకటి నుంచి మూడు రోజుల్లోపు గడ్డ మొత్తాన్ని తీయడమే పద్ధతి. అక్కడ సగం తీయడం కన్నా అసలు ముట్టుకోకపోవడమే మేలు. సిరోలిమస్ అక్కడ నన్ను నిరాశపరచింది. వాటిలో చాలాచోట్ల ఎంఏపీ2కే1 అనే జన్యువులో పొరపాటు ఉంటుందని 2017లో తేలింది, దాని ఆధారంగా ట్రామెటినిబ్ అనే మందును పరీక్షిస్తున్నారు. థాలిడోమైడ్‌తోనూ కొందరు రోగుల్లో మేలు కనిపించింది. ఆడపిల్లలకు ఇచ్చేటప్పుడు, గర్భంలో పిండానికి అవయవలోపాలు తెచ్చిన దాని చరిత్ర మరవకూడదు.

మీవాడి విషయానికి వస్తే, నా ముందుకు వస్తే నేను వెళ్లే వరస ఇది. మొదట డి-డైమర్, ఫైబ్రినోజెన్, ప్లేట్‌లెట్లు, సిరల డాప్లర్. బయటి పెద్ద సిర ఉంటే, లోపలి సిరలు బాగుంటే, దాన్ని మూయించడం. సిరోలిమస్ మొదలు. కొలతకు కుట్టించిన బిగుతు తొడుగు పగలంతా. పెద్ద గదులుంటే వాటికి సూది. ఆరు నుంచి తొమ్మిది నెలలకు మళ్లీ ఎంఆర్ఐ. అప్పటికి పొక్కులు ఎండి, జ్వరాలు ఆగి, పిల్లవాడు ఆడుకుంటున్నాడంటే ఆపరేషన్‌కు తొందర లేదు, ఉబ్బు చూడటానికి బాగాలేదన్న ఒక్క కారణానికి పిరుదు కోయను. అలా కాకుండా పాడైన చర్మం చీము పట్టడానికి గుమ్మంలా మిగిలిపోతే, లేదా బరువు వల్ల నడక చెడుతుంటే, అప్పుడు ఆ భాగం వరకే కోసి తీయడం, తర్వాత మళ్లీ మందు. ఒకేసారి అంతా తీసేస్తామని ఎవరైనా అంటే నరం ఎక్కడుందో ఎంఆర్ఐలో చూపించమని అడగండి. కాలి పొడవు తేడాకు ఇప్పటికి చెప్పులో ఎత్తు చాలు. ఏడాదికోసారి కొలిపించండి, తేడా రెండు సెంటీమీటర్లు దాటేలా ఉంటే ఎముకల డాక్టర్ పెరుగుదల పూర్తికాకముందే సరిచేయగలరు.

ఇక ఆపితే మళ్లీ వస్తుందా అన్న మీ చివరి ప్రశ్న. చాలామందిలో కొంత వస్తుంది. ఎంత, ఎప్పుడు అన్నది పిల్లను బట్టి. మా దగ్గర ఒక అమ్మాయి ఏడాదిన్నర మందు వాడి, ఆపరేషన్ చేయించుకుని, తర్వాత ఇంకో ఏడాది వాడి మానేసింది. ఎనిమిది నెలలకు మచ్చ చివరన రెండు పొక్కులు కనిపించాయి. వాళ్లమ్మ మళ్లీ మాత్రలు మొదలుపెట్టమంది. అప్పటికి పద్నాలుగేళ్లు వచ్చిన ఆ అమ్మాయి వద్దంది, నోటిపూత పడలేనంది. ఆ రెండు పొక్కులకూ సిరోలిమస్ పైపూత రాసిచ్చాను. మూడేళ్లయింది. అవి వస్తూ పోతూ ఉన్నాయి, తను స్కూలు ఈతపోటీలకు వెళుతోంది.